బట్టీ పట్టకూడదని బట్టీ పట్టాం

సైకాలజీ, ఎడ్యుకేషన్ కలిపి మాస్టర్స్ చేస్తున్నానంటే లోకం జాలిగా చూస్తోంది. ఆ జాలి అనవసరం. మనిషి ఎలా నేర్చుకుంటాడో ఈ కోర్సు పుస్తకంలో చెబుతుంది, ఎలా నేర్చుకోడో క్లాసులో చూపిస్తుంది. ఒక్క ఫీజుకే రెండు చదువులు.

మొన్న 'ఉపన్యాస పద్ధతి, దాని లోపాలు' అనే అంశం మీద రెండున్నర గంటల ఉపన్యాసం విన్నాం. విద్యార్థి తానుగా పాల్గొంటేనే చదువు ఒంటబడుతుందని స్లైడు మీద ఉంది. మేడం చదివారు, మేం రాసుకున్నాం. ఎవరో చెయ్యెత్తబోతే ప్రశ్నలు చివర్లో అన్నారు. ఆ చివర ఇంకా రాలేదు.

మనిషి ఒక్క విడతలో ఏడు అంశాలు, అటూ ఇటూ ఓ రెండు, గుర్తుపెట్టుకోగలడని సైకాలజిస్టు జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు. ఆ మాట ఉన్న స్లైడులో పద్దెనిమిది బుల్లెట్లున్నాయి. గిట్టనివాళ్లు దీన్ని లోపం అంటారు. నేను ప్రాక్టికల్స్ అంటాను.

చదువు లక్ష్యాలను మెట్లుగా పేర్చిన బ్లూమ్ వర్గీకరణ వచ్చిందీ ఆ ఏడాదే. మొత్తం ఆరు మెట్లు. చదివింది గుర్తుపెట్టుకుని అప్పజెప్పడం అట్టడుగు మెట్టు, మంచిచెడ్డలు బేరీజు వేయడం పైమెట్టు. పరీక్షలో ప్రశ్న: 'బ్లూమ్ చెప్పిన ఆరు మెట్లను వరుసగా రాయండి.' ఈ ప్రశ్న కింది మెట్టు మీదే ఆగిపోయిందని మా స్నేహితురాలు బేరీజు వేసి రాసింది. సున్నా వచ్చింది. అడగనిది రాసిందట.

చూసి నేర్చేవాళ్లు, విని నేర్చేవాళ్లు అని పిల్లల్ని విడదీసి పాఠం చెబితే మేలన్న మాటకు సరైన ఆధారం లేదని 2008లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష తేల్చింది. మాకు మొదటి పేపర్లో అది అపోహ అని రాస్తే మార్కులు. రెండో పేపర్లో లెసన్ ప్లాన్ ఆ అపోహ ప్రకారమే రాయాలి, లేకపోతే కోత. రెండు పేపర్లూ ఒకే రోజు పెట్టరు, అదొక్కటే దయ.

మతిమరుపు మీద పరిశోధన చేసిన ఎబ్బింగ్‌హాస్ మహానుభావుడు. అర్థంలేని అక్షరాలు తానే వల్లెవేసి, ఎంత త్వరగా మర్చిపోతున్నాడో లెక్కకట్టి 1885లో పుస్తకం వేశాడు. ఒక్కసారే మింగకుండా విడతలవారీగా చదివితే నిలుస్తుందని ఆయన మాట. ఆ అధ్యాయం మేం పరీక్ష ముందురోజు రాత్రి ఒంటిగంటకు మొదలుపెట్టాం, ముఖ్యమైన ముక్కల కింద పచ్చరంగు పూసుకుంటూ. అన్నీ ముఖ్యమే కాబట్టి పుస్తకం పైరులా తయారైంది. హాలు బయటికొచ్చేసరికి ఎబ్బింగ్‌హాస్ పేరు కూడా నోటికి రాలేదు. సిద్ధాంతాన్ని ఇంత నిజాయితీగా నిరూపించిన బ్యాచ్ ఇంకోటి ఉండదు. చదవేస్తే ఉన్న మతి పోయిందని మనవాళ్లు ఏ లెక్కా కట్టకుండానే అన్నారు.

ఇక డిసర్టేషన్. శాంపిల్ అంటే మేమే. ఒకరి ప్రశ్నావళి ఒకరం నింపుకుంటాం, మొహమాటానికి అన్నీ మధ్య గడిలోనే టిక్ పెట్టి. నా అంశం: 'వెంటనే అందే ఫీడ్‌బ్యాక్, దాని ప్రయోజనాలు'. మొదటి అధ్యాయం గైడ్‌గారికి పంపి ఏడు నెలలైంది. బిళ్లను ముక్కుతో పొడిస్తే గింజ పడేలా పెట్టి సైకాలజిస్టు స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాలు చేశాడు. గింజ రాకపోతే ఆ పావురమైనా కొన్నాళ్లకు పొడవడం మానేస్తుంది. నేను మాత్రం ఇవాళ పొద్దున కూడా మెయిల్ తెరిచాను. నాలుగో నెలలో ఒకసారి 'చూస్తాను' అని జవాబొచ్చింది మరి. ఎప్పుడో ఒకప్పుడు గింజ పడే పావురమే ఎక్కువకాలం పొడుస్తుందని చెప్పిందీ స్కిన్నరే.