మధ్యాహ్నం మూడు గంటల నక్షత్రాలు

ఆన్‌లైన్‌లో టెలిస్కోప్‌ను నడిపి ఆకాశం చూడటం అసలు చూడటమే కాదని, ఇంట్లో కూర్చుని ఫోటోలు తెప్పించుకోవడమేనని, నేను ఎంతో గౌరవించే ఒక పెద్దాయన మొన్న గుంటూరులో ఒక పెళ్లిలో అన్నారు. నలుగురిలో వాదించడం ఇష్టంలేక అప్పుడు ఊరుకున్నాను. కానీ ఆ మాట పిల్లల చెవిన పడితే వారికి నష్టం జరుగుతుందనిపించి ఇప్పుడు రాస్తున్నాను.

విజయవాడలో పాతికేళ్లు భౌతికశాస్త్రం బోధించాను. ఒక బడిలో ఆరంగుళాల మంచి టెలిస్కోప్ ఉండేది. దాన్ని వాడాలంటే రాత్రి కావాలి. రాత్రిపూట పిల్లలను, అందులోనూ ఆడపిల్లలను, బడికి పంపడానికి ఇళ్లలో ఒప్పుకొనేవారు కారు. ఒప్పుకున్నా, మన ఊరి దీపాల వెలుతురులో చంద్రుడు, గురుడు, శని దాటితే చూపించడానికి పెద్దగా ఏమీ మిగలదు. మూడు వర్షాకాలాల తరువాత పెట్టె తెరిచేసరికి అద్దానికి బూజు పట్టి ఉంది. మెత్తటి గుడ్డతో తుడవబోయి, గీతలు పడతాయేమోనని చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

మనకు ఉదయం 9.30, అంటే బడి మొదలైన వేళకు, అమెరికాలోని అరిజోనాలో రాత్రి 9 గంటలు. మే నెలలో మనకు మధ్యాహ్నం 2.30 అయ్యేసరికి ఆస్ట్రేలియాలోని సైడింగ్ స్ప్రింగ్ కొండ మీద రాత్రి 7 గంటలై, చీకటి పడి ఉంటుంది. మన పిల్లలు బెంచీల మీద కూర్చున్న సమయమంతా ఎక్కడో ఒకచోట మంచి రాత్రే. అక్కడి టెలిస్కోప్‌లను ఇంటర్నెట్ ద్వారా ఇక్కడి నుంచే వాడుకోవచ్చు. అమెరికాలోని హార్వర్డ్-స్మిత్సోనియన్ ఖగోళ కేంద్రం నడిపే మైక్రోఅబ్జర్వేటరీ అనే ఆన్‌లైన్ టెలిస్కోప్‌ల సేవ ఉచితం. ఏది చూడాలో, ఎంతసేపు ఎక్స్‌పోజర్ ఇవ్వాలో (అంటే కెమెరా ఎంతసేపు వెలుగును పోగుచేయాలో), ఏ ఫిల్టర్ పెట్టాలో ఎంచుకొని అడిగితే, తీసిన చిత్రాన్ని ఈమెయిల్‌కు పంపుతుంది. ఐటెలిస్కోప్ వంటివి డబ్బు తీసుకొని, నిమిషాల లెక్కన టెలిస్కోప్‌ను మన చేతికే ఇస్తాయి.

ఈ మే నెలలో, బయట వడగాడ్పు కొడుతుంటే తలుపులు వేసుకొని, తొమ్మిదో తరగతి పూర్తిచేసిన మా మేనకోడలితో కలిసి సైడింగ్ స్ప్రింగ్‌లోని ఒక టెలిస్కోప్‌ను అలా తీసుకున్నాను. టరంటులా నీహారికను, అంటే వాయువు, ధూళి కలిసిన ఒక పెద్ద మేఘాన్ని, ఎంచుకున్నది ఆ అమ్మాయే. అది మన పాలపుంతకు పొరుగున ఉన్న పెద్ద మెగెల్లానిక్ మేఘం అనే గెలాక్సీలో, దాదాపు 1,60,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. విజయవాడ అక్షాంశం 16.5 డిగ్రీలు కనుక అది ఇక్కడ దక్షిణ దిగంతం మీద 4, 5 డిగ్రీలకు మించి ఎప్పుడూ లేవదు. అపార్ట్‌మెంట్ల వెనుకే ఉదయించి అక్కడే అస్తమిస్తుంది. హైడ్రోజన్ వాయువు వెదజల్లే ఎర్రని వెలుగును మాత్రమే పోనిచ్చే హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టర్ పెట్టి 300 సెకన్ల ఎక్స్‌పోజర్ అడిగాము. వచ్చిన ఫైలు తెరిస్తే తెరంతా నలుపు, అక్కడక్కడ నాలుగు తెల్ల చుక్కలు. "ఏమీ పడలేదు మామయ్యా" అంది. వెలుగును సర్దే గీతను మౌస్‌తో మెల్లగా ఎడమకు జరుపుతుంటే, ఆ నలుపులోంచి ముందు బూడిదరంగు మసక, తరువాత చిక్కుపడిన దారాల్లాంటి పోగులు ఒక్కొక్కటే తేలాయి. ఒక మూలగా సన్నని తిన్నటి గీత కనిపించింది. అది ఆ ఐదు నిమిషాల్లో అటుగా సాగిపోయిన కృత్రిమ ఉపగ్రహమని కాసేపు ఆలోచించి తానే తేల్చింది. మెరుగులు దిద్ది పత్రికలో వేసిన ఫోటోలో ఆ గీత ఉండదు, దాని గురించి ఆలోచించే అవసరమూ రాదు.

ఇది పరిశీలన కాదంటే నేను ఒప్పుకోను. లద్దాఖ్‌లోని హాన్లేలో, సుమారు 4,500 మీటర్ల ఎత్తున ఉన్న 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోప్‌ను మన శాస్త్రవేత్తలు బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచి ఉపగ్రహ సంబంధం ద్వారా నడుపుతారు. వారు చేసేది పరిశీలన అయినప్పుడు మా మేనకోడలు చేసిందీ పరిశీలనే. శని వలయాన్ని టెలిస్కోప్‌కు కన్ను ఆనించే ఐపీస్‌లో మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరించినట్లు తెర ముందు జలదరించదు, నిజమే. అయితే కన్ను ఐదు నిమిషాల వెలుగును కూడబెట్టుకోలేదు, కెమెరా కూడబెట్టుకుంటుంది.

నా ఫిర్యాదు వేరే ఉంది. ఎవరో తీసిపెట్టిన రంగుల చిత్రాలను స్లైడ్లుగా చూపించి "ఆన్‌లైన్ ఖగోళ పరిశీలన" అని పిల్లల దగ్గర రుసుము వసూలు చేయడం అన్యాయం. ఎంచుకోవడం, ఎదురుచూడటం, తప్పడం పిల్లల చేతిలోనే ఉండాలి. డాలర్లలో కట్టే సొమ్ము మధ్యతరగతి ఇంటికి భారమే కనుక, నాలుగైదు బడులు కలిసి ఒక ఖాతా తీసుకోవచ్చు. ఉచితంగా దొరికే దానికైతే బడిలో ఉన్న కంప్యూటరు, శ్రద్ధ ఉన్న ఒక్క ఉపాధ్యాయుడు చాలు. సైన్స్ పీరియడ్‌లో దాన్ని ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

మా మేనకోడలి నోటుబుక్కులో మొదటి పేజీలో రెండే నమోదులు ఉన్నాయి. మొదటిది: "మబ్బు. చిత్రం రాలేదు." రెండవది: "మన సమయం మధ్యాహ్నం 3.10, అక్కడ రాత్రి 7.40. 300 సెకన్లు. ఆకాశం నిర్మలం."