సవరణ: వెనీనీ గాజు కంపెనీ గురించి

మొన్నటి పోస్టులో ఈ ఇటలీ కంపెనీ పెట్టిన పావొలో వెనీనీది తరతరాలుగా వెనిస్ దగ్గరి మురానో దీవిలో గాజు కొలిమి నడిపిన కుటుంబం అని రాశాను, అది తప్పు. ఆయన మిలాన్ లాయరు, గాజు ఊదే పనివాడు కాదు. 1921లో వెనిస్‌కి చెందిన పాతవస్తువుల వ్యాపారి జాకొమో కప్పెల్లిన్‌తో కలిసి కంపెనీ పెట్టాడు, 1925కల్లా ఇద్దరూ విడిపోయారు కూడా. మ్యూజియం కేటలాగుల్లో, కంపెనీ చరిత్రలో ఇలాగే ఉంది. ఆ వందల ఏళ్ల వంశ చరిత్ర మురానోలోనే ఉన్న మరో గాజు కుటుంబం బరోవియర్ వాళ్లది, రెండూ కలిపేశాను.

ఇంకో సంగతి. రుమాలు ఆకారంలో ఉండే వెనీనీ కంపెనీ ఫాజొలెట్టో ఫ్లవర్ వాజ్‌ని అచ్చులో పోస్తారని నేను చెప్పినట్టు కొందరు అనుకున్నారు, కాదండీ. కాగి మెత్తబడ్డ గాజుని పళ్లెంలా విప్పి కిందికి వంచితే అంచులు తమ బరువుకి తామే మడతలు పడుతూ జారతాయి, అందుకే ఏ రెండూ అచ్చంగా ఒకేలా రావు (నాకు నచ్చేది అదే). 1940ల చివర్లో డిజైనర్ ఫుల్వియో బియాంకోనీ, పావొలో వెనీనీ కలిసి చేసిన డిజైన్ అది.

కుటుంబం నడిపిన కంపెనీ అన్న మాట మాత్రం నిజమే. 1959లో పావొలో పోయాక అల్లుడు లుడొవీకో దియాజ్ దె సాంటిల్లానా 1980ల మధ్య దాకా దాన్ని చూసుకున్నాడు.