చైనావాళ్లు ఎండాకాలంలో చల్లగా ఏదీ తాగరా?

ఎండలు ముదిరితే చాలు, వాట్సాప్‌లో ఈ మెసేజ్ మళ్లీ చక్కర్లు కొడుతుంది: "చైనావాళ్లు చల్లనీళ్లు ముట్టరు, భోజనంతో వేడి టీనే తాగుతారు. వాళ్ల వైద్యం చెప్పిందే ఇది. చల్లనీళ్లు తాగితే తిన్న నూనె కడుపులో గడ్డకట్టి క్యాన్సర్ తెస్తుంది. గుండెపోటు రాకూడదన్నా వేడినీళ్లే దిక్కు." ఇది చదివి, నడి వేసవిలో దాహమేసినా పెద్దవాళ్లు కుండనీళ్లకే జంకుతున్నారు. నాకు అదే బాధ.

"చల్లనివి ముట్టరు." బీజింగ్ వేసవి పానీయం సువాన్‌మేయ్‌తాంగ్ సంగతి చూడండి. పొగబెట్టి ఆరబెట్టిన పుల్లటి పండ్లను పటికబెల్లంతో మరిగించి చల్లార్చి, ఐసుతో చల్లబరిచి అమ్మేవారు. చలికాలంలో చెరువుల మీద కట్టిన మంచును కోసి, నేలమాళిగల్లో దాచి, ఎండలకు బయటికి తీసేవారు. అమ్మేవాళ్లు రెండు చిన్న లోహపు గిన్నెలను ఒక్క చేత్తోనే టింగుటింగుమని మోగిస్తూ వీధుల్లో తిరిగేవారు. పెసల నీళ్లూ అంతే, చాలా ఇళ్లలో చల్లార్చుకునే తాగుతారు.

మరి వేడినీళ్ల అలవాటో? అది నిజమే. కానీ అది అంతగా పాతుకుపోవడానికి పెద్ద కారణం క్రిములు. 1952లో మొదలైన దేశవ్యాప్త పారిశుద్ధ్య ఉద్యమం కాచిన నీళ్లే తాగమని ఊరూరా చెప్పింది. ఆఫీసుల్లో, రైళ్లలో వేడినీళ్లు మామూలైపోయాయి.

"వాళ్ల వైద్యం చెప్పిందే ఇది." ఆ వైద్యంలో చలువ, వేడి అంటే థర్మామీటరు చూపించేవి కావు. పెసల నీళ్లు పొగలు కక్కుతున్నా చలువే. మామిడిపండు ఫ్రిజ్‌లో పెట్టి తిన్నా వేడి చేస్తుందనే మన ఇళ్లలో ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. జూలై మధ్య నుంచి ఆగస్టు దాకా సాగే 'సాన్‌ఫు' ఎండల్లో వాళ్లు కాకర, బూడిద గుమ్మడి, పుచ్చకాయ తింటారు. చలికాలంలో ముల్లంగి, ఎండాకాలంలో అల్లం తినమని వాళ్ల సామెత. వేసవిలో ఒంటి వేడి పైకి వచ్చి కడుపు లోపల చల్లబడుతుందని, అందుకే పచ్చివీ చల్లనివీ మితిమీరొద్దని ఆ వైద్యుల మాట. ఇది వాళ్ల సిద్ధాంతం, ప్రయోగాలతో రుజువైంది కాదు. అయినా అందులో నూనె గడ్డకట్టడమూ లేదు, క్యాన్సరూ లేదు. మన పానకంలో శొంఠి, మిరియాలు వేసుకోవడం చూస్తే అల్లం మాట నాకు వింతగా అనిపించదు.

"నూనె గడ్డకడుతుంది." కొబ్బరినూనె కూడా 24 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, మన ఒళ్లు 37 డిగ్రీలు. తాగిన నీళ్లు కాసేపట్లోనే ఆ వేడికి వచ్చేస్తాయి. కొవ్వును విడగొట్టే పని పైత్యరసం, ఎంజైములు చేస్తాయి.

"క్యాన్సర్ వస్తుంది." 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం హెచ్చరించింది దీనికి పూర్తిగా ఎదురు సంగతి: 65 డిగ్రీలు దాటిన పానీయాలు బహుశా అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కావచ్చని. చల్లనీళ్ల మీద అలాంటి నింద లేదు.

"గుండెపోటుకు వేడినీళ్లు." అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. ఛాతీలో పట్టేసినట్టున్నా, నొప్పి దవడకో చేతికో పాకుతున్నా, చెమటలు పోస్తున్నా నీళ్లు కాచుకుంటూ కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.