మూడు చుక్కల కింద దాగిన ముచ్చట

ఇన్‌లాండ్ లెటర్ల కాలంలో "మీరు రాసిన ఉత్తరం చేరింది, సంగతులు తెలిశాయి" అని ఒక్క ముక్క రాసి జవాబు మొదలుపెట్టేవాళ్లం. వచ్చిన ఉత్తరాన్ని మొత్తం తిరగరాసి పంపాలని ఎవరికీ తోచలేదు. ఈమెయిల్‌లో రిప్లై నొక్కితే సరిగ్గా అదే జరుగుతుంది.

మొదట్లో దీనికో పద్ధతి ఉండేది. పాత మెయిల్‌లో ప్రతి లైను ముందు బాణం మొన లాంటి గుర్తు పెట్టి, దాని కింద జవాబు రాసేవాళ్లు. మొనలు లెక్కపెడితే ఏ మాట ఎంత పాతదో తెలిసిపోయేది. సందర్భం తెలిసేంత వరకే పాతది ఉంచాలని 1995 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే ఇంటర్నెట్ మర్యాదల పత్రం చెప్పింది. తర్వాత ఔట్‌లుక్ వంటి మెయిల్ ప్రోగ్రాములు జవాబును పైకి తెచ్చి, పాతదంతా కిందికి నెట్టాయి. 2004లో వచ్చిన జీమెయిల్ ఆ తోకను మడిచి దాచడం అలవాటు చేసింది. ఇప్పుడు మనకు కనిపించేది మూడు చుక్కలే.

దాచింది మన కంటికే. అవతలివాళ్లకు అంతా వెళ్తుంది.

మిర్యాలగూడలో నేను లెక్కలు చూసే బియ్యం మిల్లులో ఈ తేడా బాగానే తెలిసొచ్చింది. ధర ఎంత వరకు తగ్గొచ్చో మా ఓనరు, నేను మెయిల్‌లో మాట్లాడుకున్నాం. చివరి మెయిల్‌కే రిప్లై కొట్టి, కొనే పార్టీ అడ్రస్ కలిపి కొటేషన్ పంపాను. పావుగంటలో ఫోన్: "మీరు కింద రాసుకున్న రేటుకే ఇవ్వండి సార్." ఆ రోజు ఓనరు ముఖం చూడాలంటే టెన్షన్.

తప్పు నాదే, కాదనను. కానీ పాత మెయిల్ అవతలివాళ్ల దగ్గర ఎలాగూ ఉన్నప్పుడు మళ్లీ మోయడమెందుకు? కొత్తగా చేరినవాళ్లకు వెనకటి సంగతి కావాలంటారు. అందులో న్యాయముంది. అయితే ఏది పంపాలో రాసేవాడు ఎంచుకోవాలి. థండర్‌బర్డ్, యాపిల్ మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రాముల్లో కావలసిన ముక్క సెలెక్ట్ చేసి రిప్లై నొక్కితే అంతవరకే వస్తుంది. ఈ సౌకర్యం ఉందని తెలిసినవాళ్లు మా ఆఫీసులో ఒక్కరూ లేరు.

ఫైలు జత చేశానని రాసి మరిచిపోతే జీమెయిల్ ఆపి అడుగుతుంది. కొత్త అడ్రస్ కలిపినప్పుడు "కింద పాత మెయిళ్లున్నాయి, అవీ పంపాలా?" అని అడగడం దానికి పెద్ద పనేం కాదు.