గొల్లమ్‌ను నలుగురు వదిలేశారు కాబట్టే

గజేంద్రుడు మొర పెట్టుకోగానే విష్ణువు లక్ష్మితోనైనా చెప్పకుండా పరుగెత్తాడు. ఆ పరుగు వింటూ పెరిగినవాళ్ళకు ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రచయిత టోల్కీన్ సృష్టించిన మిడిల్ ఎర్త్ మొదట దిక్కులేని లోకంలా అనిపిస్తుంది. సృష్టికర్త ఎరూ ఉన్నాడు, అతని కింద వాలార్ అనే పద్నాలుగురు దేవతలు ఉన్నారు. కానీ చీకటి ప్రభువు సౌరాన్ చేసిన ఉంగరాన్ని నాశనం చేసే ఆ కథ పొడుగునా ఎరూ ఒక్కసారీ ఎదురుపడడు. అయినా ఒక మనిషి బతుకును దేవుడు నడిపించడమంటే ఏమిటో ఆధునిక ఫాంటసీలో ఇంత నిక్కచ్చిగా చూపించిన కథ నా లెక్కలో మరొకటి లేదు.

మిడిల్ ఎర్త్ లెక్కలో మూడో యుగం 2941వ సంవత్సరం. చీకటి సొరంగంలో బిల్బో, హాబిట్ అనే పొట్టి జాతివాడు, ఆ ఉంగరం పెట్టుకుని ఎవరికీ కనపడకుండా నిలబడ్డాడు. చేతిలో కత్తి ఉంది, దారికి అడ్డంగా, అంతకుముందు ఆ ఉంగరాన్ని దాచుకున్న గొల్లమ్. ఒక్క పోటుతో పని అయిపోయేది. జాలేసి, వాడి మీదుగా దూకి వెళ్ళిపోయాడు. తర్వాత, ఉంగరాన్ని అగ్నిపర్వతంలో పడేయడానికి బయల్దేరిన బిల్బో వారసుడు ఫ్రోడో చంపకుండా వదిలేశాడు, దారిలో ఎదురైన సేనాని ఫరామిర్ వదిలేశాడు, ఆఖరికి ఆ అగ్నిపర్వతం వాలు మీద ఫ్రోడో తోడు శామ్ కూడా వదిలేశాడు. 3019 మార్చి 25న, అంటే 78 ఏళ్ళకు, ఫ్రోడో ఉంగరాన్ని పారెయ్యలేక వేలికే తొడుక్కున్నాడు. కథానాయకుడు ఓడిపోయాడన్నమాట! గొల్లమ్ ఆ వేలు కొరికి, ఉంగరం చూసుకుంటూ గంతులేసి, అంచు దాటి నిప్పుల్లో పడ్డాడు. ఆ నలుగురిలో ఏ ఒక్కరు కత్తి దించినా ఉంగరం మిగిలిపోయేది. అక్కడి నుంచి పని మరో శక్తి చేతుల్లోకి వెళ్ళిందని టోల్కీనే 1956 నాటి ఉత్తరంలో రాశాడు.

కథలోని పెద్ద గద్దల మీద ఎక్కి ఉంగరం పడేసి రావచ్చుగా అని ఎప్పుడూ ఒకరు అడుగుతారు. గద్దలు వాలార్ రాజు మన్వే దూతలు. వాటితో పని కానిస్తే దేవతలే యుద్ధం చేసినట్టు. అందుకే కదా, వాలార్ అయిదుగురు మాంత్రికులను ముసలి ఒళ్ళతో, ఆకలి అలసటలతో పంపి, సౌరాన్‌ను బలంతో ఎదిరించొద్దని కట్టడి చేసింది. వాళ్ళలో ఒకడైన సరుమాన్ ఆ కట్టడి దాటి పతనమయ్యాడు.

ఇప్పుడు మన తెర మీద వరసకట్టిన పౌరాణిక ఫాంటసీల్లో ఇదే కరువు. క్లైమాక్స్‌లో ఆకాశం చీలుతుంది, గ్రాఫిక్స్‌లో దేవుడు దిగుతాడు, విలన్ బూడిదవుతాడు. ఆ దిగడానికి మొదటి గంటలో హీరో చేసిన పని ఏదీ కారణం కాదు. గజేంద్రుడి కథను సాకుగా చూపిస్తారు గానీ, భాగవతంలో చక్రం రావడానికి ముందు వెయ్యేళ్ళ పోరు ఉంది. ఏనుగు ఒంట్లో సత్తువంతా ఇంకిపోయాకే మొర లేచింది. మనవాళ్ళు చక్రాన్ని ఉంచుకుని ఆ వెయ్యేళ్ళను ఎడిటింగ్‌లో తీసేశారు.