సఫారీ లాడ్జి అద్దెలో నేల వాటా ఎంత?

మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవికి వెళ్లివచ్చిన తెలుగువారికి ఒక సంగతి అనుభవంలో ఉంటుంది. మొహర్లి గేటు దగ్గర చవక గదిలో దిగినా, పదింతలు ఖరీదైన రిసార్టులో దిగినా, తెల్లవారుజామున ఎక్కేది ఒకే రకం జిప్సీ జీపు, నిలబడేది అదే గేటు ముందు వరుసలోనే, తిరిగేది అటవీ శాఖ గీసిన ఆ బాటల్లోనే. పులి కనబడటానికీ మనం పడుకున్న మంచానికీ సంబంధం లేదు. అందుకే మనవాళ్లు అడవి యాత్రకు బస వెతికేటప్పుడు గది, భోజనం, ఈత కొలను చూసుకుంటారు. మన దేశంలో అది తెలివైన పద్ధతే. అదే పద్ధతిని దక్షిణాఫ్రికాకో బోట్స్వానాకో మోసుకెళితే మాత్రం చేతిచమురు వదులుతుంది. అక్కడ ప్రైవేటు లాడ్జిని ఎంచుకున్నామంటే, ఏ అడవిలో, ఏ నియమాల కింద, ఎన్ని వాహనాల మధ్య తిరగబోతున్నామో ఎంచుకున్నట్టే లెక్క.

ముందుగా దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కును చూద్దాం. 1926లో జాతీయ పార్కుగా ఏర్పడిన ఈ అడవి విస్తీర్ణం దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు. ఇందులో స్కుకుజా, సతారా, లోయర్ సాబీ వంటి ప్రభుత్వ క్యాంపులు ఉన్నాయి. అద్దె కారు తీసుకుని ఎవరికి వారే తిరగవచ్చు. తారు రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగం దాటకూడదు, కారు దిగకూడదు, రోడ్డు వదిలి లోపలికి పోకూడదు, చీకటి పడేలోగా క్యాంపు గేటు దాటాలి. రోడ్డు పక్క పొదలో సింహం పడుకుని ఉంటే పదిహేను కార్లు దానికి అడ్డంగా ఆగిపోతాయి, వెనకవాడికి తోక కూడా కనబడదు. ఆ ఇబ్బందిని కాస్త ఓర్చుకోగలిగితే ఇంత తక్కువ ఖర్చులో ఇంత గొప్ప అడవి మరెక్కడా దొరకదన్నది నా అభిప్రాయం.

క్రూగర్‌కు పడమటి అంచున, దాన్ని ఆనుకునే సాబీ శాండ్ అనే ప్రైవేటు రిజర్వు ఉంది. సుమారు 65 వేల హెక్టార్లు. రెంటి మధ్య ఉన్న కంచెను 1993లో తీసేశారు కాబట్టి జంతువులకు ఇదీ అదీ ఒకటే అడవి, మనుషులకు మాత్రం వేర్వేరు. ఇక్కడి వాహనానికి పైకప్పు ఉండదు. బానెట్ ఎడమ మూలన బిగించిన చిన్న కుర్చీలో ట్రాకర్ కూర్చుంటాడు. ఇసుక బాట మీద అతడు చెయ్యెత్తగానే బండి ఆగుతుంది; దిగి, వంగి, వేలితో అడుగుజాడ అంచును తాకి చూస్తాడు. అంచు ఇంకా విరగలేదంటే జాడ తాజాది. అక్కడి నుంచి బండి బాట వదిలి పొదలను తొక్కుకుంటూ పోతుంది. కొంతసేపటికి ఏ మరూలా చెట్టు కొమ్మ మీదో, ఇంపాలా జింక కళేబరాన్ని ఎక్కించి పెట్టుకున్న చిరుత కనబడుతుంది. గైడ్ రేడియోలో ఆ చోటు చెబుతాడు, కానీ ఒకే జంతువు చుట్టూ రెండు మూడుకు మించి బళ్లు చేరకూడదని లాడ్జీలు తమలో తాము కట్టుబాటు పెట్టుకున్నాయి. చీకటి పడ్డాక కూడా లైటు వేసుకుని తిరుగుతారు. (నల్లమల చెంచులు కూడా జాడ పట్టడంలో ఇంతటివారే, మన దగ్గర ఆ విద్యకు కాపలా ఉద్యోగానికి మించి విలువ కట్టడం ఇంకా నేర్చుకోలేదు.)

తలకు రాత్రికి వెయ్యి డాలర్లు దాటే ఆ ధరలో పరుపు, పాలరాయి వాటా స్వల్పం. రోడ్డు దిగే హక్కు, రాత్రి తిరిగే హక్కు, గుంపు లేని నిశ్శబ్దం, ఈ మూడింటికి కట్టే అద్దె అది. కాబట్టి లాడ్జి ఫొటోలు చూడటానికి ముందే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: మీ వాహనాలకు ఎన్ని హెక్టార్లలో తిరిగే హక్కు ఉంది, ఆ నేల మీద మొత్తం ఎన్ని బళ్లు తిరుగుతాయి? ఒకే రిజర్వులో పక్కపక్కనే ఉన్న రెండు లాడ్జీలలో ఒకదానికి నదీతీరంతో సహా విశాలమైన నేల ఉండవచ్చు, ఇంకొకదానికి ఇరుకైన ముక్కే ఉండవచ్చు. ఆ ముక్క దాటి చిరుత వెళ్లిపోతే గైడ్ బండిని హద్దు దగ్గర ఆపేసి చూస్తూ ఉండవలసిందే.

ఈ ప్రశ్న అడగని హైదరాబాద్ కుటుంబం ఒకటి నాకు తెలుసు. క్రూగర్‌నూ దాన్ని ఆనుకున్న ప్రైవేటు రిజర్వులనూ కలిపి పిలిచే 'గ్రేటర్ క్రూగర్' అన్న మాట చూసి, ప్రైవేటు కొలనుతో ఉన్న అందమైన విల్లా బుక్ చేసుకున్నారు. తీరా వెళ్లాక అది ఏ రిజర్వులోనూ లేదు, కంచె బయట పొలాల మధ్య ఉంది. రోజూ తెల్లవారుజామున గంటసేపు ప్రయాణించి పార్కు గేటు దగ్గర అందరితోపాటు వరుసలో నిలబడ్డారు. విల్లా బాగుందనే చెప్పారు, ఆ మాట నిజమే. తాడోబా లెక్క తాడోబాలాగే పనిచేసింది, ధర ఒక్కటే మారింది.

బోట్స్వానాలో నేల లెక్క ఇంకా కచ్చితంగా కనబడుతుంది. తక్కువ మంది, ఎక్కువ ఆదాయం అన్నది అక్కడి ప్రభుత్వం దశాబ్దాలుగా పాటిస్తున్న విధానం. ఒకావాంగో డెల్టా చుట్టూ ఉన్న నేలను కన్సెషన్లుగా విడదీసి లీజుకిస్తారు, ఒక్కోదానిలో ఎన్ని పడకలు వేయవచ్చో కూడా హద్దు ఉంటుంది. సెలిండా వంటి కన్సెషన్ విస్తీర్ణం 1.3 లక్షల హెక్టార్లు. అంత నేల మీద ఉండేవి కొద్దిపాటి చిన్న క్యాంపులే. గోడలు గుడ్డవి కదా, ఇంత ధర ఎందుకని మొదటిసారి వెళ్లేవారు అడుగుతారు. సామాను, కూరగాయలు, పనివారు, అతిథులు అంతా మౌన్ పట్టణం నుంచి చిన్న విమానంలోనో, దుమ్ము బాటన లారీలోనో చేరాలి. విమానంలో బ్యాగు మెత్తనిదై ఉండాలి, బరువు సాధారణంగా 20 కిలోలు దాటకూడదు. చక్రాల సూట్‌కేసుతో వచ్చినవారు మౌన్‌లోనే దాన్ని వదిలి వెళ్లవలసి వస్తుంది. డెల్టా నడిమధ్య ఉన్న పేరున్న క్యాంపుల్లో మంచి కాలంలో తలకు రాత్రికి రెండు వేల డాలర్లు దాటడం మామూలే. ధర గదికి కాదు, తలకు అన్నది కూడా మన కుటుంబాలు ఆలస్యంగా గమనించే సంగతి. ఒంటరిగా వెళ్లేవారికి అదనపు రుసుము సైతం ఉంటుంది.

ఆ 'మంచి కాలం' ఏది అన్నదానిలోనే అసలు మెలిక ఉంది. డెల్టాకు నీరు అక్కడి వానవల్ల రాదు. అంగోలా ఎత్తైన నేలల మీద డిసెంబరు నుంచి మార్చి దాకా కురిసిన వాన, నెలల తరబడి నెమ్మదిగా నడిచి, బోట్స్వానాలో వానచుక్క లేని జూన్, జులై, ఆగస్టు నెలల్లో డెల్టాను నింపుతుంది. సముద్రాన్ని చేరకుండానే కలహారి ఇసుకలోకీ ఆకాశంలోకీ పోతుంది. చుట్టూ ఎండిపోతున్నప్పుడు ఇక్కడ నీళ్లు ఉంటాయి గనుక జంతువులు చేరుతాయి. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో వెయ్యవ స్థలంగా చేరింది ఈ చిత్రమైన డెల్టానే. అయితే అదే వరదలో కొన్ని క్యాంపులు పూర్తిగా నీటి క్యాంపులైపోతాయి: దోనెలో కూర్చుంటే వెనుక నిలబడ్డవాడు గెడతో నెడుతూ తామరల మధ్య తీసుకెళ్తాడు, అద్భుతంగా ఉంటుంది, కానీ సింహాన్ని చూడాలని వచ్చినవారికి జీపు తిరిగే పొడి నేల మిగలదు. మూడు రాత్రులు అలాంటి చోటే గడిపి నిరాశపడటం కన్నా, రెండు రాత్రులు నీటి దగ్గర, మూడు రాత్రులు పొడినేల క్యాంపులో పెట్టుకోవడం మేలు. నవంబరు తర్వాత డెల్టా ధరలు బాగా తగ్గుతాయి. అప్పుడు వానకు పచ్చబడేది సెంట్రల్ కలహారి. జింకలు అక్కడ చేరతాయి, వాటి వెంట సింహాలూ చిరుతపులులకన్నా వేగమైన చీతాలూ వస్తాయి. క్యాంపు అదే, నెల మారితే విలువ మారుతుంది.

పిల్లలున్నవారి లెక్క వేరు. చాలా క్యాంపులకు కంచె ఉండదు, రాత్రి భోజనం అయ్యాక టార్చి పట్టుకుని మనిషి వచ్చి గది దాకా దిగబెట్టేదాకా కదలకూడదు, ఏనుగు దారిలో నిలబడితే అది వెళ్లేదాకా ఆగాలి. ఆరేళ్లలోపు పిల్లల్ని అందుకే చాలాచోట్ల రానివ్వరు, కొన్నిచోట్ల పన్నెండేళ్లు నిండాలి. మలేరియా భయం లేకుండా అయిదు పెద్ద జంతువులూ (సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న) చూడాలంటే దక్షిణాఫ్రికా వాయవ్యంలోని మాదిక్వే ఉంది. పాత పశుగ్రాస భూములను 1990లలో మళ్లీ అడవిగా మార్చి, వేల జంతువులను తెచ్చి వదిలిన రిజర్వు అది. శాకాహారులు మాత్రం ఎక్కడికైనా ముందే వివరంగా రాసి పంపాలి. 'వెజ్' అంటే గుడ్డు, చేప తింటారేమో అనుకునే వంటగదికి వారానికొకసారి సరుకు వచ్చేచోట, దిగిన రోజున చెబితే దొరికేది ఉడికించిన కూరముక్కలే.

డబ్బు ఎవరికి చేరుతుందన్నది ధర్మచింతన కోసం అడిగే ప్రశ్న అనుకుంటారు. నిజానికి ఆ అడవి మిగులుతుందా లేదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది. నమీబియా 1996లో చట్టం తెచ్చి, ఊళ్లవారు కన్సర్వెన్సీలుగా, అంటే ఊరుమ్మడి సంరక్షణ సంఘాలుగా ఏర్పడి తమ నేల మీది వన్యప్రాణులపై ఆదాయం పొందే హక్కు ఇచ్చింది. ఎడారి ఏనుగులు తిరిగే దమరాలాండ్‌లో లాడ్జీలు ఆ ఊళ్లవారితో ఒప్పందం మీద నడుస్తాయి. 2022లో మన కూనోకు మొదట వచ్చిన ఎనిమిది చీతాలు కూడా నమీబియావే. సాబీ శాండ్‌లోలాగా అడుగడుగునా జంతువులు కావాలనుకునేవారికి ఆ దేశం నచ్చదు; అక్కడ చూడవలసింది నేలనే.

క్రూగర్ ఉత్తర కొసన, లింపోపో, లువువు నదుల మధ్య మకులేకే నేల ఉంది. 1969లో అక్కడి ప్రజలను వెళ్లగొట్టి ఆ నేలను పార్కులో కలిపారు. 1998లో అది వారికి తిరిగి దక్కింది. వారు వెనక్కి వెళ్లి ఇళ్లు కట్టుకోలేదు. అడవిని అడవిగానే ఉంచి, లాడ్జీలకు లీజుకిచ్చి, అద్దె తీసుకుంటున్నారు. చిరుతలు, సింహాలు సాబీ శాండ్‌లో కనబడినంత సులువుగా అక్కడ కనబడవు. పసుపుపచ్చ బెరడున్న ఫీవర్ చెట్ల అడవి, మూడు దేశాలు కలిసే నదీసంగమం, కాలినడకన గైడ్ వెంట సాగే ఉదయాలు ఉంటాయి. తొలి యాత్ర చేసేవారికి సాబీ శాండ్‌లో మూడు రాత్రులు చాలంటాను. రెండోసారి వెళ్లేవారు ఎజెంటును ముందుగా ఈ ఉత్తర కొస గురించి అడగాలి, గది ఫొటోలు తర్వాత తెప్పించుకోవచ్చు.