మాట్లాడనిస్తే సరిపోదు, జవాబు చెప్పాలి

వలస గురించీ అభివృద్ధి గురించీ దేశాలు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడం మొదలై రెండు దశాబ్దాలే అయింది. ఈ అంశంపై ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 2006 సెప్టెంబరులో న్యూయార్క్‌లో తొలిసారి ఉన్నత స్థాయి చర్చ జరిపింది. మరుసటి ఏడాది జులైలో బ్రస్సెల్స్‌లో ప్రపంచ వలస, అభివృద్ధి వేదిక ఏర్పడింది. స్వచ్ఛంద సంస్థలు, కార్మిక సంఘాల లాంటి పౌర సమాజానికి దక్కబోయే చోటు ఎంతో ఆ వేదిక పుట్టిన తీరులోనే తేలిపోయింది. అది సమితి పరిధిలో లేదు, ప్రభుత్వాలే నడుపుతాయి, అక్కడ అనుకున్న మాటకు ఎవరూ కట్టుబడనక్కర్లేదు. సరిహద్దుల మీద తమ పట్టు సడలుతుందేమోనని జంకిన సంపన్న దేశాలు ఇంతవరకైతే సరేనన్నాయి.

బ్రస్సెల్స్‌లో స్వచ్ఛంద సంస్థలకు, కార్మిక సంఘాలకు ఒక రోజు ముందుగా విడిగా సమావేశం పెట్టారు. వాళ్లు మాట్లాడుకున్నది నివేదికగా ప్రభుత్వాలకు చేరింది. మర్నాడు అధికారులు తలుపులు వేసుకుని తమ చర్చ తాము చేసుకున్నారు. 2010లో మెక్సికో ఆతిథ్యమిచ్చినప్పుడు ఇరుపక్షాలూ కలిసి కూర్చునే ఉమ్మడి సమయం మొదలైంది. అదో ముందడుగే. కానీ విన్న ప్రభుత్వం తిరిగి జవాబు చెప్పాలన్న నియమం అప్పుడూ రాలేదు. పౌర సమాజం పాత్రను ఎన్ని కుర్చీలు ఇచ్చారన్న లెక్కతో కొలవడం నాకు అందుకే సమ్మతం కాదు. అడిగిన ప్రశ్నకు ప్రభుత్వం సమాధానం చెప్పక తప్పని పరిస్థితి వచ్చిందా లేదా అన్నదే చూడాలి.

అలాంటి పరిస్థితి వచ్చిన సందర్భాలు లేకపోలేదు. అవి చాలావరకు వేరే గడప దగ్గర వచ్చాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో పుట్టినప్పటి నుంచి ప్రభుత్వాలతో పాటు యజమానుల ప్రతినిధులకు, కార్మికుల ప్రతినిధులకు కూడా ఓటు ఉంది. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు దేశదేశాల్లో సంఘాలు కట్టి, కార్మిక సంఘాలను వెంటబెట్టుకుని జెనీవా సమావేశాలకు వెళ్లారు. తమ కోసం రాస్తున్న అంతర్జాతీయ ఒప్పందంలో ఏ మాట ఉండాలో కూర్చుని వాదించారు. 2011 జూన్‌లో గృహ కార్మికుల ఒప్పందం 396 ఓట్లతో నెగ్గింది. వ్యతిరేకంగా పడ్డవి 16. పరాయి దేశానికి పనికి వెళ్లే మనిషికి సరిహద్దు దాటకముందే రాతపూర్వక ఉద్యోగ ఒప్పందం చేతికి అందాలని, పాస్‌పోర్టు ఆ మనిషి దగ్గరే ఉండాలని అందులో స్పష్టంగా రాశారు. యజమాని బీరువాలో పాస్‌పోర్టు పెట్టి తాళం వేసిన ఇంట్లో బతికిన వాళ్లకు తెలుసు ఆ ఒక్క నిబంధన విలువ. వలస కార్మికులను పెద్ద సంఖ్యలో తెచ్చుకునే గల్ఫ్ దేశాలేవీ ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు. అయినా ఆమోదించిన దేశాన్ని నిలదీయడానికి ఇప్పుడో చట్టబద్ధమైన ఆధారం ఉంది.

ఖతార్ విషయం ఇంకా పాఠం చెబుతుంది. ఫుట్‌బాల్ ప్రపంచకప్ నిర్మాణాల్లో కూలీల కష్టాలను హక్కుల సంఘాలు ఏళ్ల తరబడి రాస్తూ వచ్చాయి. 2014 జూన్‌లో కార్మిక ప్రతినిధులు అదే కార్మిక సంస్థలో వెట్టిచాకిరీ, కార్మిక తనిఖీ ఒప్పందాలను ఖతార్ ఉల్లంఘిస్తోందని అధికారికంగా ఫిర్యాదు చేశారు. విచారణ కమిషన్ పడుతుందన్న ఒత్తిడి మూడేళ్ల పాటు కొనసాగింది. 2017 నవంబరులో ఖతార్ సంస్కరణలకు ఒప్పుకున్నాకే ఫిర్యాదు మూతపడింది. ఆ తర్వాత దోహాలో కార్మిక సంస్థ కార్యాలయం తెరిచింది. 2020లో యజమాని అనుమతి పత్రం లేకుండా ఉద్యోగం మారే వీలు వచ్చింది, 2021 మార్చి నుంచి కనీస వేతనం అమలులోకి వచ్చింది. అమలులో లోపాలు చాలానే ఉన్నాయి. కానీ ఎన్ని వార్షిక సదస్సులలో ప్రసంగించినా కదలని, కార్మికుణ్ని యజమానికి కట్టిపడేసే కఫాలా పద్ధతి, జవాబు చెప్పక తప్పని చోట అడిగేసరికి కొంతైనా కదిలింది.

2018 డిసెంబరులో మొరాకోలోని మర్రకేష్‌లో ఆమోదించిన వలస ఒడంబడిక అటు ప్రపంచ వేదికకూ ఇటు కార్మిక సంస్థకూ మధ్యస్థంగా ఉంది. సర్వసభ్య సభలో 152 దేశాలు ఔనన్నాయి, అమెరికా, హంగరీ సహా 5 దేశాలు కాదన్నాయి. కార్మికుల నుంచి నియామక రుసుము వసూలు చేయకూడదన్న మాట, గల్లంతైన వలసదారుల ఆచూకీ తీయాలన్న మాట అందులోని 23 లక్ష్యాలలో చోటు చేసుకున్నాయి. కొడుకుల ఫొటోలు మెడలో వేసుకుని మెక్సికో అంతటా తిరిగిన మధ్య అమెరికా తల్లుల లాంటివాళ్ల ఏళ్ల పోరాటం లేకుంటే రెండో మాట అంత ప్రస్ఫుటంగా వచ్చేదని నేననుకోను. మరోవైపు, వలస పిల్లలను నిర్బంధించడాన్ని పూర్తిగా నిషేధించాలని పిల్లల హక్కుల సంస్థలు పట్టుబడితే, తుది పాఠంలో ఆ పద్ధతిని ‘అంతం చేసే దిశగా పనిచేస్తాం’ అని మాత్రమే రాశారు. ఆ నాలుగు మాటల మెత్తదనంలో ఇప్పటికీ పిల్లలు బందీలుగా ఉన్నారు.

ఇక అభివృద్ధి సంగతి. వలసదారులు ఇళ్లకు పంపే డబ్బు గురించి ప్రభుత్వాలు ఉత్సాహంగా మాట్లాడతాయి. 2024లో తక్కువ, మధ్య ఆదాయ దేశాలకు అలా చేరింది సుమారు 685 బిలియన్ డాలర్లని ప్రపంచ బ్యాంకు అంచనా. ఆ డబ్బు పంపడానికయ్యే ఖర్చును 2030 నాటికి 3 శాతం లోపు తేవాలన్నది సమితి లక్ష్యం. సగటు ఇంకా 6 శాతం పైనే ఉంది. ఈ చర్చలో అసలు సంగతిని గుర్తుచేస్తున్నది పౌర సమాజమే. అది ఒక మనిషి జీతం, ఏ దేశపు అభివృద్ధి నిధీ కాదు. 2020లో కొవిడ్ వేళ నెలల జీతం బకాయిలు వదులుకుని లక్షలాది మంది ఖాళీ చేతులతో విమానమెక్కారు. ఆ బకాయిల కోసం ఆసియా వలస కార్మికుల సంఘాలు, కార్మిక సంఘాలు కలిసి న్యాయం కోరుతూ ఉద్యమం మొదలుపెట్టాయి. పంపే ఖర్చు తగ్గించడానికి ముందు సంపాదించిన జీతం చేతికి రావాలి కదా!

పౌర సమాజం తనను తాను కూడా ప్రశ్నించుకోవాలి. ఈ సమావేశాలకు వస్తున్న వాళ్లలో వలస వెళ్లి పనిచేసిన వాళ్లు ఎందరు? వలసదారుల తరఫున మాట్లాడేందుకు పెద్ద సంస్థల ఉద్యోగులకు సులభంగా వీసా దొరుకుతుంది, వలస కూలీకి దొరకదు. కూలీకి సెలవూ ఇవ్వరు. నిధుల్లో గణనీయమైన భాగం ప్రభుత్వాల నుంచే వచ్చినప్పుడు విమర్శ ఎక్కడ మెత్తబడుతుందో పైకి కనబడదు. వలసదారుల ఉద్యమాలు 2006 నుంచే అధికారిక సమావేశాలకు సమాంతరంగా బయట తమ సొంత సభలు జరుపుకుంటూ వచ్చాయి. లోపలి సంస్థలు వాళ్లను అతిథులుగా కాకుండా తమకు దిశ చూపేవాళ్లుగా చూడాలి.

ఒడంబడిక అమలుపై సమీక్ష నాలుగేళ్లకోసారి న్యూయార్క్‌లో జరుగుతుంది. మొదటిది 2022 మేలో జరిగింది. దేశాలు తమ నివేదికలు తామే ఇష్టమైతే రాసుకుంటాయి. అక్కడి నుంచి మార్చడం మొదలుపెట్టవచ్చు. వలస కార్మికుల సంఘాలు రాతపూర్వకంగా లేవనెత్తిన ప్రతి అంశానికీ సంబంధిత దేశం రాతపూర్వకంగానే బదులివ్వాలి, ఆ బదులు బహిరంగంగా ఉండాలి. జీతం ఎగ్గొట్టిన కేసులు ఎన్ని వచ్చాయో, ఎన్నిట్లో డబ్బు ఇప్పించారో చెప్పాలి. కార్మికులను పంపే దేశమైనా, తెచ్చుకునే దేశమైనా ఈ నియమానికి మినహాయింపు ఉండకూడదు.